నర్సమ్మ కారు టైమింగ్

ప్రియమైన స్పానరమ్మకు,

నర్సమ్మ పాత టర్బో కారు మన షెడ్డుకొచ్చింది. పెట్రోలు నీళ్లలా తాగుతోంది, ఆస్పత్రికెళ్లే ఎత్తు రోడ్డు మాత్రం ఎక్కనంటోంది. లోపలికెళ్లే గాలిని చల్లబరిచే కూలర్ పెద్దది వేశాను, టర్బో ఒత్తిడి కాస్త పెంచాను. ఇక పెట్రోలుకి నిప్పురవ్వ పడే టైమింగ్ మిగిలింది. నీకు నేర్పిన పద్ధతే: ఇంజన్లో సన్నగా టకటక వినబడేదాకా ముందుకు జరపడం, వినబడగానే, పిస్టన్ దెబ్బతినక ముందే కొంచెం వెనక్కి తేవడం. మీ వర్క్‌షాపులో కంప్యూటర్లు చెబుతాయట కదా, ఇక్కడ నా చెవిదే పెత్తనం. వేళకి తిను.

మీ నాన్న

ప్రియమైన నాన్నా,

మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. షెడ్డులో పడితే నీకు కూతురు గుర్తుండదు. టకటక పట్టే చిన్న మీటరు పంపుతున్నాను, తగిలించు. నీ చెవి మీద నమ్మకం లేక కాదు, పాత ఇంజన్ మీద లేక.

అలకతో,
నీ స్పానరమ్మ

ప్రియమైన అలకలమారికి,

మీటరు అందింది. డబ్బా విప్పలేదు, కోప్పడకు. నలభై ఏళ్లు చెవితో చేసినవాణ్ణి. ఈసారి ఎంత జరిపినా టకటక రాలేదు. ఇంత బుద్ధిమంతురాలైన ఇంజన్‌ని నేనెప్పుడూ చూడలేదు. ఎత్తు మీద దూసుకెళ్తోంది, వారం వచ్చే ట్యాంకు పది రోజులొస్తోంది. నర్సమ్మ ఏదో చప్పుడంటోంది, కొత్త బలం అలవాటు లేక.

సంతోషంతో,
మీ నాన్న

ప్రియమైన నాన్నా,

టకటక అసలు రాని ఇంజన్ ఉండదు. అది నువ్వే నాకు చెప్పావు. కారు వెంటనే ఆపించు. నీకు వినబడుతోందా? నిజం రాయి. నాకు భయంగా ఉంది.

నీ కూతురు

ప్రియమైన తల్లీ,

నీ ఉత్తరం అందేసరికే కారు ఎత్తు మధ్యలో ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కి వేలు పట్టేంత కన్నం. నర్సమ్మకి దెబ్బలేమీ తగల్లేదు.

ఏడాదిగా నాకు సరిగా వినబడటం లేదమ్మా. ముందు సన్న చప్పుళ్లు పోయాయి, తర్వాత ఫోన్లో నీ గొంతు. చెబితే పని మానేసి వచ్చేస్తావని దాచానని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. చెబితే ఇక మెకానిక్‌ని కాకుండా పోతానని దాచాను. నా సిగ్గు కోసం ఒక మనిషిని ఆ ఎత్తు మీదకి పంపాను.

ఆ ఇంజన్ వేరే షెడ్డులో బాగుచేయిస్తున్నాను. నిన్న నర్సమ్మ వచ్చి చాలాసేపు తిట్టింది. తిడుతోందని మొహం చూస్తే తెలిసింది, ఆ వేగంలో ఒక్క మాటా అందలేదు. అన్నిటికీ తలూపాను. చివర్లో ఏదో అడిగి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. దానికీ తలూపాను. ఏమడిగిందో నాకింకా తెలియదు.

మీ నాన్న