శుక్రవారం ఫోన్

ధూల్‌పేట్,
ఆదివారం

ప్రియమైన బేబీకి,

నీ డానియేలు రాస్తున్నాను. ప్రభువు దయవల్ల నేనూ మన స్వీటీ బాగున్నాం. మస్కట్‌లో ఎండలు మండిపోతున్నాయట, వేళకింత తిను. సెలవు మీద వచ్చిన డ్రైవర్ కైలాసం అన్న ఎల్లుండి మళ్ళీ అక్కడికి బయలుదేరుతున్నాడు. ఆయనతో నువ్వు పంపిన ఉత్తరం, స్వీటీ గౌను అందాయి. గౌను పొట్టయింది. నీ కూతురు నువ్వనుకున్నంత చిన్నది కాదిప్పుడు.

అన్న చేతికి ఈ ఉత్తరం, గోంగూర పచ్చడి ఇస్తున్నాను. పచ్చడి పక్కింటి మాణిక్యమ్మ పెట్టింది. నేను పెడితే నువ్వు తినలేవు.

స్వీటీ బడిలో ఎట్లా ఉందని అడిగావు. ఇప్పుడు నయం. నువ్వు వెళ్ళినప్పటి నుంచి, నేను డిపో నుంచి వచ్చి వంట ముగించేదాకా ఫోన్ దాని చేతిలోనే ఉండేది కదా. లాక్కుంటే గోడకేసి తల కొట్టుకునేది. పక్కపిల్ల చెయ్యి కొరికిందని ప్రీతి మిస్ నన్ను పిలిపించి చివాట్లు పెట్టిన రోజు, నువ్వు అక్కడ ఏడ్చి, "ఆ ఫోన్ బంద్ చెయ్యి" అన్నావు. చేశాను. మొదట్లో ఇల్లంతా లొల్లి. "ఫోన్ చెడ్డది బిడ్డా, అది ముట్టనోళ్ళే మంచిపిల్లలు" అని రోజూ చెప్పాను.

ఇప్పుడు సాయంత్రాలు మాణిక్యమ్మ వాళ్ళ కార్ఖానాలోనే. వాళ్ళు వినాయకుళ్ళను చేస్తుంటే మిగిలిన మట్టితో ఇది ఎలుకలు చేస్తుంది. అన్నిటికీ తోకలు లావు. పాస్టర్‌గారికి మాత్రం చెప్పకు. కడుపునిండా తింటోంది, పడుకోగానే నిద్రపోతోంది. నాకే ఇల్లు మింగేస్తున్నట్టుంది. ఆ వీడియోల మోత ఉన్నప్పుడు ఇంట్లో నలుగురు మనుషులు తిరుగుతున్నట్టు ఉండేది. నవ్వకు.

శుక్రవారం ఫోన్ చేస్తే స్వీటీ ఎందుకు పారిపోతోంది, నా మీద అలిగిందా అని రాశావు. ఆటల్లో పడిందని ఇన్నాళ్ళూ సర్దిచెప్పాను. అది నిజం కాదు బేబీ. మొన్న నువ్వు చేసినప్పుడు, నీ మొహం కనబడేలా ఫోన్ దాని ముందు పెట్టాను. చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

"అమ్మ పిలుస్తుంది, మాట్లాడు బిడ్డా."

"నేను ఫోన్ సూడ డాడీ. నేను మంచిపిల్లను."

నీ మీద దానికి కోపం లేదు. నా మాట అంత బాగా విన్నది. అటు నువ్వు "స్వీటీ, స్వీటీ" అంటున్నావు, ఇటు అది కళ్ళు గట్టిగా మూసుకుంది. చూడలేక కట్ చేసి, తర్వాత సిగ్నల్ పోయిందన్నాను. సిగ్నల్ బాగానే ఉంది.

అమ్మతో మాట్లాడితే తప్పు కాదని కూర్చోబెట్టి నచ్చజెప్పాను. 

"అమ్మ ఫోన్‌ల గాకుంటే యాడుంటది డాడీ?"

మస్కట్‌లో అన్నాను.

"గది గూడ ఫోన్‌లనే ఉంటదా?"

నువ్వు వెళ్ళేనాటికి దానికి మూడేళ్ళు. నీ ఒళ్ళో పడుకున్నది దానికి గుర్తులేదు. నాకు ఏడుపొచ్చింది, లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

మీ మేడం ఇంకో రెండేళ్ళు ఉండమంటోందని, సంతకం పెట్టనా అని ఉత్తరంలో రాశావు, ఫోన్‌లోనూ అడిగావు. "నీ ఇష్టం" అన్నాను. నీ వెనక ఆ ఇంటి పిల్లలు నీ చున్నీ పట్టుకుని లాగుతున్నారు, అప్పుడు వద్దనడానికి నోరు రాలేదు. నాకు ఇష్టం లేదు బేబీ. సంతకం పెట్టకు. నువ్వు లేకుండా నావల్ల కావడం లేదు.

పచ్చడి డబ్బా పక్కన గుడ్డలో చుట్టి ఒక ఎలుక ఉంది, జాగ్రత్తగా విప్పు. చుడుతుంటే స్వీటీ అడిగింది: "అమ్మ గిది చేతుల పట్టుకుంటదా?" పట్టుకుంటుందని చెప్పాను. అమ్మ వచ్చి దాని చేతులు కూడా పట్టుకుంటుందని చెప్పాను. నన్ను అబద్ధాలకోరును చెయ్యకు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
స్వీటీ డాడీ