తలుపు వెనక రాజు

వరద కాలం, రెండో నెల, 6

ఇవాళ కూడా నేనే. తెల్లారకముందే కోనేట్లో మునిగి, తల నున్నగా గీయించుకుని, రొట్టెల పళ్ళెం మోసుకెళ్ళి డేగస్వామి ముందు పెట్టాను. గుడి గోడల మీద చెక్కిన బొమ్మల్లో మాత్రం ఎక్కడ చూసినా పళ్ళెం రాజుగారి చేతుల్లోనే. ఆయన ఒక్క పూట ఇటు వచ్చిన పాపాన పోలేదు. కడుపు మండుతోంది.

9

కొత్త గోడ చెక్కుతున్న పఖోమ్ నా భార్య తమ్ముడు. రాజు కిరీటం, చేతులు, రొట్టెలు అన్నీ అయ్యాయి. పేరు చెక్కాల్సిన చోట గుడ్డు ఆకారం గీసి లోపల ఖాళీగా వదిలేశాడు. ఏంరా అంటే, ఎవడి పేరని చెక్కను బావా, రాజధాని అలెగ్జాండ్రియాలో పొద్దున ఒక రాజు, సాయంత్రం ఇంకో రాజు, నా చేతులేమైనా ఊరికే వచ్చాయా అన్నాడు.

10

నిద్ర లేదు. ఆ ఖాళీయే కళ్ళ ముందు.

14

అడిగేశాను. అందులో నా పేరు చెక్కమని.

మతి పోయిందా బావా, దొరికితే నీ పూజారితనం, నా చేతులు రెండూ పోతాయి, అక్కకి నా మొహం ఎలా చూపించను అని ఒకటే గోల. తలుపు తీసి ఉంచితే ఆ గోడ దాని వెనక దాక్కుంటుంది కదరా, మనుషులెవరికీ కనబడదు, స్వామికి కనబడితే చాలు అన్నాను. ఈ నెల ప్రసాదంలో నా వాటా బాతు మాంసమంతా నీదే అన్నాను. అప్పుడు ఉలి తీశాడు వెధవ.

15

నెస్మిన్. రాతి మీద నా పేరు. వేలితో తడిమి తడిమి చూసుకున్నాను. రాజుగారూ, ఇక మీరెవరో నేనెవరో.

22

ఎవరూ లేనప్పుడు తలుపు మూసి, గోడ మీది నెస్మిన్‌ని చూశాను. వాడికి పొట్ట లేదు. నడుం వంగలేదు. పళ్ళెం ఎత్తితే నా చేతులు వణుకుతున్నాయి, వాడివి వణకవు. స్వామి కళ్ళు వాడి మీదే ఉన్నాయి.

ఎవరి మీదండీ ఆ పళ్ళు నూరడం అంది నా భార్య.

30

పూజారుల్లో మా జట్టుకి ఈ నెల వంతు అయిపోయింది. పళ్ళెం తర్వాతి జట్టుకి అప్పగించాను. మళ్ళీ మా వంతు వచ్చేసరికి మూడు నెలలు.

ఆ పేరు చెరిపెయ్యరా అని పఖోమ్ కాళ్ళావేళ్ళా పడ్డాను. కొత్త జట్టు వాళ్ళు కాపలా ఉన్నారు బావా, ఉలి చప్పుడైతే చస్తాం అన్నాడు. పైగా బాతు తినేశాను అన్నాడు.

మూడో నెల, 1

పొద్దున్నే నెస్మిన్ స్వామికి రొట్టెలు పెట్టాడు.

నేను ఇంట్లో ఉన్నాను.