ఇంజిన్ పక్కన నీళ్ళసీసా

పెదనాన్నకి నమస్కారాలు.

ఇంజిన్ ఊదే నూనె ఆవిరిని పట్టడానికి స్టీలు నీళ్ళసీసాలో గిన్నెలు తోమే పీచు కుక్కి, రెండు గొట్టాలు జిగురుతో అతికించి, నాన్న టాక్సీకి నేనే బిగించాను. వేడికి ఆ జిగురు వదిలేసింది. కాలే పొగగొట్టం మీద నూనె చుక్కలు పడుతున్నాయి. ఎప్పుడు అంటుకుంటుందోనని భయంగా ఉంది.

తీసేస్తానంటే నాన్న చెయ్యి వెయ్యనివ్వడం లేదు. "ఊరుకోవే పిచ్చిదానా! మనింట్లో కాలేజీ గడప తొక్కింది నువ్వొక్కదానివే. నువ్వు చేసింది తప్పెందుకవుతుంది?" అని నవ్వుతున్నాడు. మెకానిక్ చెప్పబోతే, "నువ్వు ఏ కాలేజీలో చదివావయ్యా?" అని నోరు మూయించాడట.

రేపు అమ్మనీ చెల్లినీ ఎక్కించుకుని దూరం వెళ్తున్నాడు. నాన్న కాదనలేనిది మీ మాట ఒక్కటే. తెల్లారేలోగా రండి. నాకు చదువు అబ్బలేదని చెప్పండి, ఏమైనా చెప్పండి. నేను పక్కనే నిలబడి ఔనంటాను.

మీ అమ్మాయి