తలుపేసుకున్న దొరసాని

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇది నువ్వు చదవవని తెలుసు. బతికున్నప్పుడే నా రాత చూసి కోడి గీరినట్టుందనేదానివి.

నిన్న మన ఊళ్లో ఆసుపత్రి పెట్టిన దొరసానమ్మ సమాధికి సున్నం కొట్టి, ఎప్పట్లాగే బొరుగులూ బెల్లమూ పంచుకున్నాం. బెల్లం నిండా ఇసక, నా పన్నొకటి కదిలింది. సరే, అది కాదు సంగతి. ఏటా నువ్వు చెప్పే ఆమె కథ ఈసారి చర్చికొచ్చిన కొత్త అయ్యగారు చెప్పినారు. అప్పటి కలరాలో ఆమె ఒక్క క్షణం కూడా బెదరలేదన్నారు. వాదించే ఓపిక లేక ఊరకున్నా.

నువ్వు అక్షరాలు దిద్దించిన సుగుణ ఇప్పుడు నర్సు. నెల్లూరులో మశూచి రోగుల పాకలో పనేసినారు. నా పక్కన కూర్చుని, "ఆమెది అంత విశ్వాసం, తాతా. నాకేమో వణుకు. ఉద్యోగం మానేస్తా," అనింది.

ఇంక లేవక తప్పలేదు.

"కాదు అయ్యగారూ! ఆమె తలుపేసుకుని ఏడ్చింది. పారిపోయేందుకు కాలవ పడవ కూడా మాట్లాడుకుంది. 'ప్రభువా, నాకు ధైర్యం లేదు, నువ్వు తోడు రా' అని, పొద్దున్నే గంజి కుండతో బయటికొచ్చింది."

"ఎవరు చెప్పినారు పెద్దాయనా?" అన్నారు.

"ఆ గంజి తాగి బతికిన మా అమ్మ."

మోకాళ్లు పట్టేసి మళ్లీ కూలబడ్డా.

ఈ పొద్దున సుగుణ నెల్లూరు బస్సెక్కింది అక్కా. ఏడుస్తూనే ఎక్కింది.

నీ తమ్ముడు