వీధిలో పోసిన కషాయం పిప్పి

షువాంగ్‌కి అమ్మ దీవెనలు. నాన్న గురించి బెంగపడకు. పక్షవాతం వచ్చిన కుడికాలు కర్ర సాయంతో నిలుస్తోంది.

వైద్యుడు రాసిన మూలికల కషాయం, ఎండిన వానపాములతో సహా, రెండు పూటలా తాగిస్తున్నాను. పిప్పిని వీధిలో పోస్తే నడిచేవాళ్లు తొక్కి రోగాన్ని పట్టుకుపోవాలి కదా! మన వీధివాళ్ల తెలివి నీకు తెలుసుగా, సైకిళ్లు కూడా గోడవారకు తిప్పుకుపోతున్నారు.

నిన్న పొద్దున ఛియు వచ్చాడు. అదే, చదరంగం దగ్గర మీ నాన్నతో పోట్లాడి ఏడాదిగా మాటలు మానేసిన మనిషి. గుమ్మంలో కూర్చున్న మీ నాన్నను చూస్తూ పిప్పిని రెండు కాళ్లతో కసిగా తొక్కాడు.

"వద్దయ్యా, నీకంటుకుంటుంది!" అన్నాను.

"అంటుకోనీ వదినా! ఈయన లేవకపోతే నేనెవరితో ఆడి చావను?"

మీ నాన్న మొహం ఎర్రబడింది. "గుర్రం!" అని అరిచారు. రెండు నెలల్లో ఆయన నోట వచ్చిన మొదటి మాట! ఆనాడు ఛియు దొంగచాటుగా జరిపిన పావు అదే.

"అవును, జరిపాను!" అంటూ ఛియు ఏడ్చేశాడు.

అతనికి నలభై రెండో నంబరు గుడ్డ బూట్లు పంపు. పాతవి కషాయం కంపని వాళ్లావిడ గడప తొక్కనివ్వడం లేదు. అన్నట్టు, మనింట్లో పెద్దపెట్టె తాళంచెవి కనబడడం లేదు, నీ దగ్గరుందా?

మీ నాన్నకు ఇంకో మాట రాలేదు. గంజి కావాలన్నా గుర్రమే, నన్ను పిలిచినా గుర్రమే. నీకేం రాయమంటారని అడిగితే కూడా అదే అన్నారు. కానీ ఈసారి చాలా మెల్లగా, ముద్దుగా అన్నారే తల్లీ.

అమ్మ