వివరాల పుస్తకం

జూన్ 12, గురువారం

మహాకవి గారి సముఖమునకు,

నమస్కారములు. ఇక్కడ మేము క్షేమం. మేమంటే నేనూ, నా మోకాళ్ళూ. తమరి క్షేమం పేపర్లో ఫోటో చూసి తెలుసుకున్నాను. శాలువా బాగుంది. లోపలి మనిషే కొంచెం తగ్గినట్టున్నాడు.

ఇక ఈ ‘తమరు’ నా వల్ల కాదు. ముప్పై ఏళ్ళ కిందట నిన్ను ‘ఏరా’ అన్న నోరిది.

నీ ఉత్తరం అందింది. పదకొండేళ్ళ తర్వాత రాసిన ఉత్తరంలో నా క్షేమం ఒక్క ముక్క, నీ పని రెండు పేజీలు. ఆరేళ్ళుగా ఒక్క కవితా రాలేదట. తెల్లకాగితం ముందు కూర్చుంటే అదే నిన్ను చూసి ఆవలిస్తోందట. దానికి తోడు ‘కవితకు వస్తువు ఎక్కడ దొరుకుతుంది’ అని కొత్త కవులకు మూడు రోజులు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నావట. అందుకని బస్ స్టేషన్లో నేను చూపించిన ఆ వివరాల పుస్తకాలు మిగిలి ఉంటే పంపమన్నావు.

సిగ్గు లేదురా నీకు?

పోయిన సామాన్ల గది గుర్తుందో లేదో. మెట్ల కింద ఉండేది, తల వంచుకుని రావాలి. ప్రతి గురువారం పదకొండింటికి నువ్వు అలాగే వచ్చేవాడివి. నాకు తెలిసి నువ్వు తల వంచింది ఆ ఒక్కచోటే. కండక్టర్లు తెచ్చిచ్చిన సామాను నేను పెద్ద రిజిస్టర్లో ఎక్కించి, చీటీ కట్టి, అరలో పెట్టేవాణ్ణి. నువ్వు ఎవరిదో సూట్‌కేసు మీద కూర్చుని, రిజిస్టర్ పక్కకు నెట్టి, వివరాల పుస్తకం తెరిచేవాడివి.

‘చేతి తొడుగులు రెండు. రెండూ ఎడమచేతివే.’

‘టిఫిన్ డబ్బా. మూడు గిన్నెలు. పై రెండూ ఖాళీ, అడుగు గిన్నెలో తాళంచెవి.’

‘నల్ల గొడుగు. పిడికి దారంతో ఒక పెళ్ళి ఉంగరం కట్టి ఉంది. గొడుగు మాదేనంటూ ఇద్దరు వచ్చారు. ఉంగరం మాది కాదని ఇద్దరూ అన్నారు.’

ఆ మూడోది చదివిన రోజు నువ్వు తొడ చరుచుకుని, “చాలురా, ఇంకేం చెప్పకు, చెడిపోతుంది!” అని టీ కూడా పూర్తిగా తాగకుండా పరిగెత్తావు. ఆ కవిత ఇప్పుడు బడిపిల్లలు బట్టీ పడుతున్నారు.

పందొమ్మిదేళ్ళు. అప్పటికి మా ఆవిడ ఉంది. “బుధవారం సాయంత్రం నుంచే మీ కాళ్ళు నేల మీద నిలవవు. రేపు వచ్చేది కవిగారా, కొత్త వియ్యంకుడా?” అని దెప్పేది.

తర్వాత నీ పుస్తకానికి పెట్టిన సభ. ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాను. నీ శిష్యురాలు ఒకమ్మాయి లేచి, “మాస్టారూ, గొడుగు కవిత మీకెలా తట్టిందండీ?” అని అడిగింది. నువ్వు నన్ను చూశావు. చూసే చెప్పావు. “ఒక గుమాస్తా రిజిస్టర్లో ‘గొడుగు, నలుపు, ఒకటి’ అని ఉంది. పాపం, అతనికి అంతే కనిపించింది. ఉంగరం నాకు కనిపించింది.”

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులకు బుద్ధి ఉండదు.

మర్నాడే ఆ అమ్మాయి నలుగురిని వెంటేసుకుని నా గదికి వచ్చింది. పెద్ద రిజిస్టర్ చూపించాను. ‘గొడుగు, నలుపు, ఒకటి.’ ఆ పద్దు మీద వేలుపెట్టి, “అబ్బ, ఇంతలోంచి అంత తీశారా మాస్టారు!” అంది. నా వైపు తిరిగి, “మీరు రోజూ ఇవన్నీ చూస్తారు కదా అంకుల్, ఎప్పుడూ ఏం రాయాలనిపించలేదా?” అంది. వివరాల పుస్తకం నా మోచేతి పక్కన సొరుగులోనే ఉంది. తీయలేదు. ఎందుకు తీయలేదో నీకు అనవసరం.

ఆ గురువారం నువ్వు రాలేదు. మరే గురువారమూ రాలేదు.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. జనం బస్సుల్లో వదిలేసిన పుస్తకాలన్నీ నేను చదివాను. నా చదువంతా అలా వచ్చిందే. వదిలేసిన పుస్తకాన్ని వెతుక్కుంటూ ఎవరో ఒకరు వస్తారు. వంటల పుస్తకానికి కూడా వచ్చారు. నేను రిటైరయ్యే లోపల నీ పుస్తకం ఏడుసార్లు దొరికింది. ఒక్కడూ రాలేదు.

నీ కొత్త కవులకు చెప్పు. వస్తువు కోసం వానలో నడవక్కర్లేదు, కొండలెక్కక్కర్లేదు. నోరు లేని స్నేహితుణ్ణి ఒకణ్ణి పట్టుకుని పందొమ్మిదేళ్ళు వాడుకుని, సభలో అతన్ని పాపం అనండి. మూడు రోజుల పాఠం మూడు నిమిషాల్లో అయిపోతుంది.

నేను రిటైరైన రోజున ఆ పుస్తకాలను పాత కాగితాలతో పాటు చింపి పారేశారు. లేవు. ఇక రాయకు.

ఇట్లు,
ఒక గుమాస్తా

తా.క.: చింపారన్నది అబద్ధం. పన్నెండు పుస్తకాలూ నా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఆఫీసులో వివరాల పుస్తకమంటూ ఎప్పుడూ లేదురా. ఉన్నది పెద్ద రిజిస్టర్ ఒక్కటే. మొదటిసారి నువ్వు బస్సు ఆలస్యమై నా గదిలో కూర్చుని, ఎవరిదో చేతికర్రకు కట్టిన చీటీ చూసి కవిత రాశావు. మరుసటి గురువారం వచ్చి రిజిస్టర్ తిరగేశావు. గొడుగు, సంచి, గొడుగు. గడియారం చూసుకుని, “ఇవాళేం లేనట్టుంది, వెళ్ళొస్తానురా” అని లేచావు. “ఆగరా, వివరాల పుస్తకం వేరే ఉంది, బీరువాలోంచి తీయాలి, వచ్చే వారం రా” అన్నాను. ఇంటికెళ్తూ దారిలో నోటుపుస్తకం కొన్నాను. ప్రతి బుధవారం సాయంత్రం కూర్చుని కల్పించాను. ఆ గొడుగుకు ఉంగరం లేదు. కట్టింది నేను.

సభలో నువ్వాడిన అబద్ధం రిజిస్టర్ ప్రకారం అక్షరాలా నిజం. అది కాదనాలంటే, ఒక మనిషి వచ్చి అరగంట కూర్చోవడం కోసం నేను పందొమ్మిదేళ్ళు ఏం చేశానో ఆ పిల్లకు చెప్పాలి. నోరు రాలేదు.

నిన్న బుధవారం. మళ్ళీ ఒకటి రాశాను. బాగా వచ్చింది. పోస్టులో పంపను. వచ్చే గురువారం పదకొండింటికి ఇంట్లోనే ఉంటాను. మా గుమ్మం ఎత్తుగానే ఉంది, తల వంచక్కర్లేదు. వంచితే మాత్రం వద్దనను.