చెల్లిని ఆపింది ఎవరంటే

నాన్నగారికి,

పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాద్దామనే కూర్చున్నాను. కానీ అది సగం అబద్ధం. నేను క్షేమమే. చిన్నదాని సంగతి తర్వాత రాస్తాను. ముందే రాస్తే మీరు మిగతాది చదవరు.

ముందు అమ్మ అడిగినవాటికి జవాబు. హాస్టల్లో నాకు గది మార్చారు. మంచం పొట్టిది, కాళ్ళు బయటికే ఉంటాయి. తిండికి లోటు లేదు. మొన్నటి బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్ గెలిచాం. పేపర్లో నా ఫొటో వేసి కింద ఇంకెవరిదో పేరు వేశారు. ఇది చెప్పి అమ్మని కాస్త నవ్వించండి.

ఇక మీ ఉత్తరం. "కెప్టెన్‌వై ఉండి సొంత చెల్లెల్ని టీములోకి తెచ్చుకోలేకపోయావా? ఎవడు అడ్డుపడ్డాడో కనుక్కో, నేనొచ్చి వాడి సంగతి తేలుస్తా" అని రాశారు. చదవగానే ఒళ్ళు మండిపోయింది. ఆ రోజంతా ప్రాక్టీసులో అందరి మీదా విసుక్కున్నాను.

సెలక్షన్లలో చిన్నది అదరగొట్టింది. నాకంటే పొడుగువాళ్ళ మధ్యకి ఎగిరి బంతి లాక్కుంది. కోచ్ మేడమ్ నా వైపు తిరిగి, "మీ నాన్నగారు ఏం పెట్టి పెంచారే మిమ్మల్ని!" అన్నారు. అప్పటికే అది కిందికి దిగి, వంగి షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. లేసు ఊడలేదు నాన్నగారూ.

అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఆ విద్య మన ఇంట్లోదే కదా! మాకు ఆట నేర్పుతూ, నొప్పని కాలు పట్టుకున్నవాళ్ళు గ్రౌండు చుట్టూ ఇంకోసారి పరిగెత్తాలని రూలు పెట్టింది మీరు. "నొప్పి పుడితే వంగి లేసు కట్టుకో, ఎదుటివాళ్ళకి తెలియనివ్వకు" అని నేర్పింది మీరు. ఊడని లేసులు నేనూ ఏళ్ళ తరబడి కట్టాను. ఇప్పుడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నాను. గొప్ప చదువే చెప్పారు!

డ్రెస్సింగ్ రూములో దాన్ని కూర్చోబెట్టి మోకాలి పట్టీ లాగేశాను. వాచిపోయి, మోకాలేదో తొడేదో తెలియడం లేదు.

"ఎప్పట్నుంచే?"

"ఏం లేదక్కా, కొంచెం పట్టేసింది."

"నిజం చెప్పు, చంపేస్తాను."

"పోయిన సీజన్ నుంచి. నాన్నకి చెప్పకక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

అడ్డుపడింది ఎవడో కాదు, నేనే. తిన్నగా మేడమ్ దగ్గరికెళ్ళి, "మా చెల్లిని తీసుకోవద్దు, మోకాలు పోయింది" అన్నాను. ఖాయమైన చోటు పోగొట్టాను. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళూ భయపడ్డాను. మీ ఉత్తరం చూశాక భయం పోయి కోపమే మిగిలింది. రండి, నా సంగతి తేల్చండి.

స్కాన్ చేయిస్తే లిగమెంటు తెగిందన్నారు. వచ్చేవారం ఆపరేషన్. మళ్ళీ ఆడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ కాలితోనే ఈ సీజన్ కూడా ఆడి ఉంటే ఇక ఆట మాట మరిచిపోవాల్సిందేనట. చిన్నది నా గదిలోనే ఉంది, నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే అటు తిరిగి తింటోంది. దాని కోపం నేను పడతాను.

మీరు మాత్రం ఈ ఉత్తరం అందగానే దానికి ఫోన్ చెయ్యండి. ఆట గురించి ఎత్తొద్దు. "ఎక్కడ నొప్పిగా ఉందమ్మా?" అని అడగండి. మా ఇద్దరినీ మీరు ఒక్కసారి కూడా అడగని మాట అది. ఏమీ లేదు నాన్నా అంటుంది. నమ్మకండి. మళ్ళీ అడగండి. అది భోరుమని ఏడ్చేదాకా ఫోన్ పెట్టెయ్యకండి.

ఇట్లు,
మీ మీద కోపం చల్లారని
మీ పెద్దమ్మాయి